కుడివైపు కుట్టు

మల్లీశ్వరి పుస్తకాన్ని రెండుసార్లు తిప్పి చూసింది. మొదటిసారి తలకిందులుగా పట్టుకున్నాననుకుందేమో, చున్నీ సర్దుకుని మళ్లీ పట్టుకుంది. ఈసారీ అట్ట మీద రాజు కనిపించలేదు. ఖాళీగా ఉన్న ఆకుపచ్చ అట్ట, కింద పాత పుస్తకం అచ్చువేసిన ప్రొద్దుటూరు ప్రెస్సు పేరు, అంతే. వెనక్కి తిప్పితే అక్కడున్నాడు రాజు, కిరీటంతో, ఒళ్లో హార్మోనియంతో.

“ఏందన్నా ఇది? పుస్తకం ఎనకనుంచి మొదలైతాంది?”

ఆమె అడిగింది కౌంటర్ దగ్గర కట్టలు విప్పుతున్న దస్తగిర్‌ని. ఆ మాట వెళ్లి తగిలింది మాత్రం అద్దం అవతల కంప్యూటర్ ముందు కూర్చున్న నర్సింగ్‌కి. అతని చెయ్యి మౌసు మీదే ఆగిపోయింది. లేచి చూడనక్కర్లేదు. ఏం జరిగిందో ఆమె నోటి వెంట మాట పూర్తిగా రాకముందే అర్థమైపోయింది.

ప్రెస్సులో ఏ పుస్తకం చేసినా ముందు తెల్లకాగితాలు మడిచి, పేజీల అంకెలు పెన్సిల్‌తో వేసి, ఏ పక్క పిన్నులు కొట్టాలో గీత పెట్టి మెషిన్ దగ్గరికి పంపుతారు. దాన్ని డమ్మీ అంటారు. అచ్చు వేసేవాడూ, మడిచేవాడూ, పిన్ను కొట్టేవాడూ దాన్నే నమ్ముకుంటారు. ఈ పుస్తకానికి డమ్మీ మడిచింది నర్సింగే. ఒమాన్‌లో, ఇబ్రి ఊళ్లోని ఈ ప్రెస్సుకు వచ్చిన దగ్గర్నుంచి అతను చేసినవన్నీ అరబ్బీ పనులే. బడి పుస్తకాలు, మసీదు క్యాలెండర్లు, పెళ్లి కార్డులు, అన్నీ కుడినుంచి తెరుచుకునేవే. పాత బడి పుస్తకం ఫైలు తెరిచి, అందులో మల్లీశ్వరి ఇచ్చిన, వాళ్ల నాయన పాత పుస్తకం పేజీల ఫొటోలు పెట్టుకుంటూ పోయాడు. అట్టకూ అంతే. చెయ్యి అలవాటుకొద్దీ కుడిపక్కన గీత పెట్టేసింది. మనసంతా రాజు మీసం మీద ఉండిపోయింది.

ఆ మీసం కథ వేరే. హార్మోనియం మీద నాటకం పద్యాలు వాయించుకోవడానికి స్వరాలతో సహా అచ్చువేసిన పాతకాలం పుస్తకం అది. ఏ పురాణంలో ఏ రాజు హార్మోనియం వాయించాడో ఆ బొమ్మ గీసినవాడికే తెలియాలి. ఎర్రరంగు ఒకసారి, నీలంరంగు ఒకసారి అచ్చు వేసేటప్పుడు కాగితం కాస్త జరిగినట్టుంది, రాజుగారి మీసం మూతి మీద లేకుండా చెంప మీదికి పాకింది. ఊళ్లో ఫ్లెక్సీల మీద నాయకుల ముఖాలు దిద్దీ దిద్దీ చెయ్యి తిరిగిన నర్సింగ్, ఒక పూట కూర్చుని మీసాన్ని దాని చోటికి తెచ్చి పెట్టాడు. కిరీటానికి బంగారపు మెరుపు కూడా వేశాడు. మల్లీశ్వరి చూసి, “వద్దు తమ్ముడూ, ఎట్లున్నింది అట్లే పెట్టు. రాజు మీసం ఎవురో గుంజినారని మా నాయన మమ్మల్ని నవ్విస్తాండె,” అంది. నర్సింగ్ మీసాన్ని మళ్లీ చెంప మీదికి జరిపాడు. రెండోసారి ఇంకా కష్టమైంది.

“ఇమ్రాన్ భాయ్!” దస్తగిర్ లోపలికి కేకవేశాడు.

మేనేజర్ ఇమ్రాన్ ముల్తాన్ మనిషి. కేబిన్‌లోంచి వచ్చి పుస్తకం తీసుకుని, తెరిచి, మూసి, మల్లీశ్వరి ముఖం చూశాడు. తర్వాత అద్దంలోంచి నర్సింగ్ వైపు ఒక్క క్షణం చూసి, దస్తగిర్ వైపు తిరిగాడు.

“ఇది నీ ముల్కు భాష కాదా? ఎన్నేళ్లుగా బైండింగ్ చేస్తున్నావు? కళ్లు పోయాయా?” ఉర్దూలో మొదలైన తిట్లు అరబ్బీలోకి కూడా పాకాయి. కౌంటర్ దగ్గర విజిటింగ్ కార్డుల కోసం నిలబడ్డ ఇద్దరు ఒమానీలు తలలు తిప్పి చూశారు.

దస్తగిర్ తెల్లగడ్డం నిమురుకున్నాడు. మాట్లాడేది తెలుగే అయినా అతను చదివింది జమ్మలమడుగులో ఉర్దూ బడి. తెలుగు మాటొచ్చు, అక్షరం రాదు. పుస్తకమంటే కుడినుంచే తెరుచుకోవాలని అతని చేతికి చిన్నప్పటి అలవాటు. ఇద్దరు తెలుగువాళ్లున్న ప్రెస్సులో తెలుగు పుస్తకం తిరగబడిందంటే ఎవరికి చెప్పుకోవాలి?

దస్తగిర్ కూడా ఒకసారి అద్దం వైపు చూశాడు. నర్సింగ్ లేచి నిలబడ్డాడు. అద్దం అవతలే ఉండిపోయాడు.

“గలతీ అయింది భాయ్,” అన్నాడు దస్తగిర్. “నాదే.”

మల్లీశ్వరి పుస్తకాన్ని గుండెకి ఆనించుకుని నిలబడింది. ఇబ్రిలో ఒక పెద్దింట్లో వంటమనిషి ఆమె. బయట ఆ ఇంటి డ్రైవరు హారన్ కొడుతున్నాడు. “బేస్తవారం ఫ్లైటన్నా. మా నాయన సంవత్సరీకం. ఆయనతో ఆడిన నాటకపోళ్లంతా వస్తారు, మనిషికొకటి ఇయ్యాల్నని... ఇది ఎట్ల ఇచ్చేది?” అంది. మళ్లీ అచ్చు వేయడం ఇప్పట్లో కాదని, మెషిన్ మీద బడి పుస్తకాలున్నాయని ఇమ్రాన్ చెప్పి కేబిన్‌లోకి వెళ్లిపోయాడు.

“బుధవారం సాయంత్రం రామ్మా,” అన్నాడు దస్తగిర్ మెల్లగా. “నేను చేసి పెడ్తా.”

*

ఆ రాత్రి రూమ్‌లో దస్తగిర్ టమాటా పప్పు చేశాడు. నర్సింగ్ ఉల్లిగడ్డలు కోస్తూ, ఎప్పుడంటాడా అని ఎదురుచూశాడు. ఒక్క మాటంటే బాగుండును. తిట్టినా బాగుండును. దస్తగిర్ పప్పులో ఉప్పు చూసి, ఇంకాస్త వేసి, ఊళ్లో కోడలికి ఫోన్ చేసి మనవడికి జ్వరం తగ్గిందా అని అడిగాడు. తిన్నాక తన గిన్నె తానే కడుక్కుని పడుకున్నాడు.

నర్సింగ్‌కి నిద్ర పట్టలేదు. రేపు పొద్దున చెప్పేస్తే ఏమవుతుంది? ఏమవుతుందో అతనికి బాగా తెలుసు. అతని వీసా ఈ ప్రెస్సుది కాదు, అందరూ అర్బాబ్ అని పిలిచే యజమానికి ఒక తమ్ముడున్నాడు, ఆయన కన్‌స్ట్రక్షన్ కంపెనీది. దుక్మ్‌లో సెంట్రింగ్ పనికని వచ్చి, ఎండలో ఇనుప పలకలు మోసి మోసి, క్యాంపు బోర్డు మీద పేర్లు అందంగా రాశాడని ఎవరో చెబితే ఇక్కడికొచ్చి పడ్డాడు. ఇమ్రాన్‌కి కోపమొచ్చినప్పుడల్లా అనే మాట ఒకటే, “దుక్మ్ పంపిస్తా.” ఆ మాట వింటే నర్సింగ్‌కి అరచేతుల్లో ఇప్పటికీ మంట పుడుతుంది. సముద్రం పక్కనే ఉండీ నీడ లేని చోటది. గాలి రాత్రీ పగలూ ఇసుకని తలుపు సందుల్లోంచి పళ్లెంలోకి తెచ్చి పోస్తుంది.

చెప్పనని అనుకోలేదు. రేపు చెబుతాననుకున్నాడు. పిరికితనానికి రేపు అనే మాట ఎంత చల్లగా ఉంటుందో!

*

ఇబ్రిలో మధ్యాహ్నం దుకాణాలు మూసేస్తారు. ఎండ తగ్గాక మళ్లీ తెరుస్తారు. ఆ మధ్య వేళ అందరూ రూముల్లో ఏసీ కింద పడుకుంటే, సోమవారం దస్తగిర్ ప్రెస్సు వెనక గది తాళం తీసి లోపలికి వెళ్లాడు. నర్సింగ్ వెనకే వెళ్లాడు.

దస్తగిర్ పుస్తకాలను కటింగ్ మెషిన్ కింద పెట్టి, పిన్నులున్న కుడి అంచును సన్నగా కోసేశాడు. చూస్తుండగానే పుస్తకం విడి కాగితాల కట్ట అయిపోయింది. ఒక కట్టను బల్ల మీద తట్టి అంచులు సమం చేశాడు.

“ఇగ ఎడమపక్క పిన్నులు కొడితే అయిపాయె గద చాచా,” అన్నాడు నర్సింగ్.

“కొడితే పుస్తకమైతాది. బాజా వాయించేటోనికి మాత్రం పనికిరాదు.” దస్తగిర్ కట్ట అంచును పిడికిలితో బిగించి పట్టుకుని పేజీ తెరిచి వదిలాడు. అది టప్పున మూసుకుంది. “చూసినావా? చిన్నప్పుడు నాటకాలకి పెట్రోమాక్సు లైట్లు మోసేటోణ్ణి. హార్మోనియం ఆయప్ప ఎడమ చేత్తో తిత్తి కొట్టల్ల, కుడి చేత్తో మెట్లు నొక్కల్ల. పుస్తకం ఎవుడు పట్టుకుంటాడు? తెరిస్తే తెరిచినట్టు పడుండల్ల. అందుకే నడిమిట్లో కుట్టు.”

నర్సింగ్ అప్పుడు చూశాడు. ఇన్నాళ్లూ ఫొటోలుగా జరిపిన పేజీలను అతను చదవనే లేదు. ప్రతి పద్యమూ ఎదురెదురు పేజీల్లోనే ముగిసిపోతుంది. ఒక్కటీ పేజీ తిప్పే దాకా సాగలేదు. చోటు చాలని దగ్గర అక్షరాలు చిన్నవి చేశారు, చోటు మిగిలిన దగ్గర ఒక తామరపువ్వు బొమ్మ వేశారు. వాయించేవాడికి మూడో చెయ్యి లేదని గుర్తుపెట్టుకుని ఎవరో కూర్చుని కూర్చిన పుస్తకమది. దాన్ని తను కుడిపక్కకి తిప్పేసరికి, ఎత్తుకోవాల్సిన సగం కుడికీ, ముగించాల్సిన సగం ఎడమకీ పోయాయి. నర్సింగ్‌కి సిగ్గేసింది.

దస్తగిర్ గట్టి కాగితాన్ని వేలెడు వెడల్పు పట్టీలుగా కోశాడు. మొదటి కాగితాన్నీ చివరి కాగితాన్నీ పక్కపక్కన పరిచి, మధ్యలో మైదా జిగురు రాసిన పట్టీ అంటించి, ఎముకతో చేసిన పుల్లతో పైనుంచి కిందికి ఒక్కసారి గీశాడు. రెండు కాగితాలు మళ్లీ ఒకటయ్యాయి. తర్వాత రెండోదీ, చివరి నుంచి రెండోదీ. అలా అన్నీ జతలయ్యాక ఒకదానిలో ఒకటి దూర్చి, నడిమి మడతలో సూదితో దారం పోసి ముడి వేశాడు. రెండు ముక్కలైన అట్టను బిల్లు పుస్తకాలకు వాడే ఎర్రగుడ్డ పట్టీతో ఎడమవైపు కలిపాడు. పుస్తకం తెరిచి బల్ల మీద వదిలాడు. అది వెల్లకిలా పడుకున్న పసిపిల్లలా కదలకుండా ఉంది.

“ఒకటైంది. ఇంగ నలభై దాకా ఉండాయి. జిగురు కలుపు.”

నర్సింగ్ జిగురు కలిపాడు. పట్టీలకి రాశాడు. చాలాసేపు రాశాక, తల ఎత్తకుండానే అన్నాడు, “చాచా, ఆ డమ్మీ నేనే...”

“తెలుసులేరా. జిగురు ఎండిపోతాంది, అంటించు.”

“మరి నీదే తప్పని ఎందుకన్నవ్?”

దస్తగిర్ పుల్లను తుడుచుకున్నాడు. “నీదంటే నిన్ను దుక్మ్ పంపుతాడు. నన్నేం చేస్తాడు? అర్బాబ్ వాళ్ల నాయన కాలం నుంచీ ఉండా. నాలుగు మాటలంటాడు, పడ్తా. తిట్టు తింటే కడుపు నొప్పి వస్తాదా?” అని నవ్వాడు.

నర్సింగ్‌కి గుండె మీంచి బండ దించినట్టయింది. ఆ తేలికదనం అతనికే నచ్చలేదు. అయినా తేలికగానే ఉంది, దాచుకోవడమెందుకు?

*

మంగళవారం సాయంత్రం ఇమ్రాన్ దస్తగిర్‌ని కేబిన్‌లోకి పిలిచాడు. తలుపు మూసుకుంది. దస్తగిర్ బయటికొచ్చి, తిన్నగా తన బల్ల దగ్గరికి వెళ్లి, మధ్యాహ్నం సగంలో ఆపిన పుస్తకం తీసుకున్నాడు. సూదిలోకి దారం ఎక్కించబోయాడు. ఎక్కలేదు. నాలుకతో తడిపి మళ్లీ చూశాడు. నర్సింగ్ వెళ్లి సూది తీసుకుని దారం ఎక్కించి ఇచ్చాడు.

“ఏమన్నడు చాచా?”

“రేపు పొద్దున బండికి దుక్మ్. క్యాంపులో బాత్రూములు కడిగేదానికి మనిషి కావాలంట.” దస్తగిర్ సూదిని మడతలో గుచ్చాడు. “నా చేతులింగ పనికిరావంట. తెలుగు పుస్తకాన్నే తిప్పి కుట్టినోడివి, రేపు ఖురాన్ తిప్పి కుడ్తావన్నాడు.”

చిరిగిన ఖురాన్లు బాగుచేయించుకోడానికి చుట్టుపక్కల మసీదులవాళ్లు దస్తగిర్‌నే అడుగుతూ వస్తారు. ఆ పనికి కూర్చునే ముందు చేతులు కడుక్కుని, బల్ల తుడిచి, కొత్త గుడ్డ పరుచుకుంటాడు. అలాంటివాడితో అనదగ్గ మాటేనా అది?

నర్సింగ్ ఇంక ఆలోచించలేదు. ఆలోచిస్తే కాళ్లు కదలవని తెలుసు. నేరుగా వెళ్లి కేబిన్ తలుపు తోశాడు.

ఇమ్రాన్ ఒక పెళ్లి కార్డు ప్రూఫు మీద ఎర్రపెన్నుతో సున్నాలు చుడుతున్నాడు.

“భాయ్, ఆ పుస్తకం తప్పు నాది,” అన్నాడు నర్సింగ్ ఉర్దూలో. “డమ్మీ నేను చేశాను. కుడిపక్క గీత నేను పెట్టాను. చాచా నేను పెట్టిన గుర్తు చూసే కుట్టాడు. పంపితే నన్ను పంపండి.”

కళ్ల ముందు దుక్మ్ ఎండ తెల్లగా మెరిసింది. అయినా ఎందుకో ఊపిరి బాగా ఆడింది.

ఇమ్రాన్ తల ఎత్తలేదు. “తెలుసు,” అన్నాడు.

“ఏం తెలుసు?”

“అట్ట నువ్వు చేశావు. రాజు ఎడమ సగంలో ఉన్నాడు. అది బైండర్ చేసే తప్పా? నాకు కళ్లున్నాయి.” పెన్ను పక్కన పెట్టాడు. “కూర్చో.”

నర్సింగ్ కూర్చోలేదు.

“దుక్మ్ నుంచి అర్బాబ్ తమ్ముడు ఒక మనిషిని అడుగుతున్నాడు. రంజాన్ ముందు నుంచీ అడుగుతున్నాడు. ఎవర్ని పంపను? నిన్ను పంపితే రేపటి నుంచి కంప్యూటర్ ముందు ఎవరు కూర్చుంటారు? కుట్టుపనికి మస్కట్ నుంచి మెషిన్ వస్తోంది. ఆ ముసలాయన ముఖం చూసి, నువ్వు అక్కర్లేదు అని ఎలా చెప్పాలా అని ఇన్నాళ్లూ నానుస్తున్నాను. నా తండ్రి వయసు ఆయనది.” ఇమ్రాన్ కళ్లు నలుపుకున్నాడు. “నీ తప్పు నాకు ఆ మాట వెతుక్కునే పని తప్పించింది. అంతే. నువ్వు తప్పు చేయకపోయినా ఆయన పోయేవాడే.”

“అట్లయితే ఆ ఖురాన్ మాటెందుకన్నారు?”

ఇమ్రాన్ ఎర్రపెన్నుకి మూత పెట్టాడు. “అది అనకుండా ఉండాల్సింది,” అన్నాడు. ప్రూఫు మళ్లీ ముందుకు లాక్కున్నాడు. నర్సింగ్ తలుపు దాకా వెళ్లాక వెనకనుంచి పిలిచాడు.

“ఆయన నిన్ను కాపాడి పోతున్నాననుకుంటున్నాడు. పోయేవాడికి అదొక్కటే మిగిలింది. అది కూడా లాక్కుంటావా, వదిలేస్తావా? నీ ఇష్టం.”

*

బుధవారం తెల్లారాక రోడ్డు పక్క పెట్రోలు బంకు దగ్గర కంపెనీ బస్సు కోసం నిలబడ్డారు ఇద్దరూ. దస్తగిర్ సామానంతా ఒక సూట్‌కేసు, ఒక దుప్పటి మూట. గాలి అప్పుడే వేడెక్కుతోంది. దస్తగిర్ జేబులోంచి ఎముకపుల్ల తీసి నర్సింగ్ చేతిలో పెట్టాడు. ఏళ్ల తరబడి కాగితం మీద జారీ జారీ అది సబ్బుబిళ్లలా నున్నగా అయింది.

“చివరి ఆరు పుస్తకాలకి అట్ట అంటించాల. జిగురు పల్చగా రాయి. ఎక్కువైతే ఉబ్బుతాది.”

“రాస్త చాచా.”

“నిన్న ఇమ్రాన్ దగ్గరికి పోతివే. ఏం వాగినావు?”

నర్సింగ్ రోడ్డు వైపు చూశాడు. దూరంగా బస్సు కనిపిస్తోంది. చెప్పేద్దామా? నువ్వు ఊరికే పోతున్నావు చాచా, ఆ రోజు నువ్వు నోరు మూసుకున్నా తెరిచినా ఈ బస్సు నీ కోసమే వచ్చేది, నువ్వు నన్ను కాపాడిందేమీ లేదు. ఈ మాటలన్నీ గొంతు దాకా వచ్చాయి.

“ఏం లేదు చాచా. నిన్ను పంపొద్దని అడిగిన.”

“డమ్మీ సంగతి?”

“చెప్పలే.”

దస్తగిర్ గట్టిగా ఊపిరి వదిలాడు. అతని ముఖంలో ముడతలు విచ్చుకున్నాయి. “భలే పని చేసినావు బేటా. భయపడినా, యాడ కక్కేస్తావో అని. ఒగనికన్నా నీడ మిగిలింది గదా. ఇంతదూరం పోయేది దండగైతే మాత్రం నాకు తిక్క పుట్టుండు.”

“దండగ గాలే చాచా,” అన్నాడు నర్సింగ్.

బస్సు ఆగింది. లోపల కూలీలు తలకి గుడ్డలు చుట్టుకుని నిద్రపోతున్నారు. దస్తగిర్ మెట్టు మీద కాలుపెట్టి, మోకాలు పట్టుకుని, రెండో ప్రయత్నంలో ఎక్కాడు. కిటికీలోంచి చెయ్యి ఊపాడు. సంతోషంగానే ఉన్నాడు. అదే నర్సింగ్ భరించలేకపోయాడు.

*

సాయంత్రం మల్లీశ్వరి వచ్చింది. నర్సింగ్ పుస్తకాల కట్ట కౌంటర్ మీద పెట్టాడు. ఆమె భయపడుతూ పైది తీసుకుంది. ఎర్రగుడ్డ ఎడమవైపు ఉంది. మీసం జరిగిన రాజు ముందు పక్కనే ఉన్నాడు. మధ్యలో తెరిచి కౌంటర్ మీద పెట్టి, రెండు చేతులూ మెల్లగా తీసేసింది. పుస్తకం తెరిచినట్టే పడుకుంది.

“మా నాయన ముందర ఇట్లే ఉంటాండె,” అంది. తర్వాత కొంగులోంచి అన్నట్టు చున్నీ చాటునుంచి ఒక డబ్బా తీసింది. “అరిసెలు. చేసినా. ఆ పెద్దాయన యాడ?”

“దుక్మ్ పోయిండక్కా. ఇగ రాడు.”

“అయ్యో!” ఆమె డబ్బా పట్టుకునే నిలబడింది. “తప్పు చేస్తే చేసినాడుగానీ, ఎంత బాగా దిద్దినాడు! నేను ఆ పొద్దు శానా తిట్టుకుంటి ఆయన్ని.”

“తప్పు ఆయనది కాదక్కా. నాది. కుడిపక్క గుర్తు పెట్టింది నేను.”

మల్లీశ్వరి అతని వైపు చూసింది. కోపంగా చూడలేదు. ఎవరో తెలియని మనిషిని చూసినట్టు చూసింది. బయట డ్రైవరు హారన్ కొట్టాడు.

“మరి ఆ పొద్దు ఈడనే నిలబడుంటివే, తమ్ముడూ,” అంది. “ఆ మాట ఆ పొద్దే అనకపోతివే.”

కట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది. అరిసెల డబ్బా మాత్రం కౌంటర్ మీదే వదిలేసింది, మరిచిపోయిందో ఇచ్చిందో తెలియలేదు. నర్సింగ్ దాన్ని ముట్టుకోలేదు.

ఇమ్రాన్ కేబిన్‌లోంచి కొత్త పని పంపాడు. అరబ్బీ బడి పుస్తకం, రేపటికి డమ్మీ కావాలి. నర్సింగ్ తెల్లకాగితాలు తీసుకుని మడిచాడు. మడత మీద ఎముకపుల్లతో గీశాడు. పెన్సిల్ తీసుకున్నాడు. అరబ్బీ పుస్తకం కాబట్టి గీత కుడిపక్కనే పెట్టాలి, అందులో తప్పేమీ లేదు. పెన్సిల్ మొన కాగితానికి ఆనించి, అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. మెషిన్ దగ్గరి మనిషి రెండుసార్లు వచ్చి అడిగి వెళ్లాడు. గీత ఇంకా పెట్టలేదు.